వెండి తగ్గింది, దేవుళ్లు పెరిగారు

ఒరేయ్ రఘూ,

ఎలా ఉన్నావురా? పిల్లల పరీక్షలు అయిపోయాయా? నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమైందంటే దానికి కారణం నా బల్ల మీదున్న రెండు రోమన్ నాణేలే. రోజూ రాత్రి భూతద్దం పెట్టుకుని వాటి ముందే కూర్చుంటున్నాను.

ఒకటి రోమన్ చక్రవర్తి డొమిషియన్ వేయించిన దేనారియస్, అంటే వాళ్ల వెండి నాణెం. మన స్టీలు పావలా అంతే ఉంటుంది, కానీ వెండి ఎంత మంచిదో! బొమ్మ వైపు ఆయన, బొరుసు వైపు ఈటె పట్టుకున్న మినర్వా దేవి. ఆయనకి ఈవిడంటే ప్రాణం, తన వెండి నాణేల మీద చాలావరకు ఆవిడనే వేయించాడు. క్రీ.శ. 82లో వెండి శుద్ధత పెంచింది కూడా ఆయనే.

రెండోది ఆ తర్వాతి కాలపు చక్రవర్తి గలియెనస్‌ది. ఇదిరా నన్ను పట్టేసింది. తల మీద సూర్యకిరణాల కిరీటం, వెనక వైపు ఓ లేడి. చుట్టూ లాటిన్‌లో 'చక్రవర్తిని కాపాడే డయానాకి' అని రాసుంది. డయానా అంటే వాళ్ల వేట దేవత. నాణెమంతా రాగి రంగే. చెవి వెనక, అక్షరాల సందుల్లో మాత్రం కాస్త వెండి పూత మిగిలింది. ఈ రకాన్ని 215లో కరకల్లా చక్రవర్తి మొదలెట్టాడు. రెండు దేనారియస్‌ల విలువ అన్నాడు, వేసిన వెండి ఒకటిన్నరకే! గలియెనస్ నాటికి అదీ పోయింది. 260లో తండ్రి వలేరియన్‌ని పర్షియా రాజు షాపూర్ బందీగా పట్టుకున్నాడు. పడమట గాల్, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు ప్రాంతం, విడిపోయింది. సైన్యానికి జీతాలివ్వాలి. అప్పుడు దేవుళ్లందరినీ పిలిచాడు: డయానాకి లేడి, సూర్యుడికి రెక్కల గుర్రం, సముద్ర దేవుడు నెప్ట్యూన్‌కి సగం చేప సగం గుర్రం. నందిని చూసి శివుణ్ణి గుర్తుపట్టే మనకి ఇవి వేరే చెప్పాలా?

ఆపద మొక్కులని తీసిపారేయలేనురా. ఆ లేడి వెనక్కి తిరిగి చూస్తుంటే, అచ్చువేయించినవాడి భయం తెలుస్తోంది. 268లో సొంతవాళ్లే చంపేశారు ఆయన్ని.

అన్నట్టు, మీ నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా దేనారియస్‌లు దొరికాయి, తెలుసా? తొలి చక్రవర్తులు అగస్టస్, టిబేరియస్‌లవి, వెండి బాగున్న రోజులవి. మన దక్షిణాదిలో దొరికినవాటిలో కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. ఎవరి చెయ్యో అది!

దసరాకి వస్తున్నాను. లేడి నాణెం తెస్తా, మీ పెద్దాడి అరచేతిలో పెడదాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మూర్తి