మూత తీసి తినే సద్ది

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల మార్కులు ప్రోగ్రెస్ కార్డుల్లో ఇప్పటికే మీకు చేరాయి. అందుకే ఈ నెల వాటి గురించి రాయడం లేదు. పిల్లల అన్నం డబ్బాల గురించి మీతో మాట్లాడాలి.

మొన్న మధ్యాహ్నం వరండాలో తిరుగుతుంటే ఏడో తరగతి పాప ఒకతె డబ్బా మూత అడ్డం పెట్టుకుని తింటూ కనిపించింది. పక్కన కూర్చున్నాను. "రాత్రి అన్నమే మేడమ్, అమ్మ పోపు పెట్టింది" అని తల వంచుకుంది. ఒక ముద్ద పెట్టమని అడిగి తిన్నాను. ఎల్లిపాయలు మాడకుండా ఎర్రగా వేగాయి. పల్లీలు ఇంకా కరకరలాడుతున్నాయి. దించేముందు నువ్వుల పొడి చల్లినట్టుంది. ఇంట్లో ఒక్క కూరగాయ లేని పొద్దున ఆ తల్లి బిడ్డ కోసం చేసిన వంట అది. అంత మంచి అన్నాన్ని ఆ పాప దాచుకుని తింటోందంటే నాకు మనసు చివుక్కుమంది.

సద్ది అంటే మన దగ్గర ఏనాడూ చిన్నతనం లేదు. మన తాతలు సద్ది మూట పట్టుకునే పొలానికి పోయేవారు. బతుకమ్మ ఆఖరి రోజుకు సద్దుల బతుకమ్మ అనే పేరు. ఆ రోజు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది పెట్టి, అందరం పంచుకుని తింటాం. రొట్టెలు తుంచి బెల్లం వేసి నలిపితే అదే మలీద.

2023 జులై ఆఖరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లిని వాగు ముంచేసింది. హనుమకొండలో మా వీధి దుకాణాలు కూడా తెరవలేదు. ఆ సాయంత్రం మా వంటింట్లో ఉన్నవి బియ్యప్పిండి, గుప్పెడు శనగపప్పు, రెండు ఉల్లిగడ్డలు, పొద్దున మిగిలిన గరిటెడు అన్నం. అన్నం మెదిపి పిండిలో కలిపాను. నానిన పప్పు, నువ్వులు, కారం, కరివేపాకు వేసి సర్వపిండి పెట్టాను. గిన్నె లోపల నూనె రాసి, పిండిని అంచుల దాకా పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్నమంట మీద ఉంచాలి. తొందరపడితే అడుగు మాడుతుంది, పైన పచ్చిగానే ఉంటుంది. రెండోది పెట్టేముందు గిన్నె చల్లారాలి, లేకపోతే పిండి చేతికి అంటుకుని వచ్చేస్తుంది. బయట వాన హోరు, లోపల ఆ కమ్మటి వాసన. ఇంట్లో వాళ్లంతా గిన్నె చుట్టూ చేరి, అడుగున ఎర్రగా కాలిన ముక్క కోసం పోటీ పడ్డారు.

ఇలాంటివి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. రాత్రి పప్పు గట్టిపడితే చింతపండు పులుసు పోసి చారు కాచుకుంటాం. నూకలుంటే ఉప్పుడుపిండి. అసలు ఏమీ లేకపోతే పచ్చిపులుసు: చింతపండు పులుసులో కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి వేస్తే చాలు.

పోపన్నం ఒక్కటే అయితే కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు తక్కువ పడతాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు బడి మధ్యాహ్న భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని ప్రభుత్వ నియమం. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు వేస్తే సుమారు 7 గ్రాములు వస్తాయి. ఒక గుడ్డు కొట్టి వేస్తే మరో 6. కాబట్టి పల్లీల దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టకండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మన ఎండాకాలంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకే తిన్న వెంటనే మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున పొగలు వచ్చేలా వేడి చేసి డబ్బాలో పెట్టండి. జిగురు సాగినా, వాసన మారినా ఆలోచించకుండా పారేయండి. అన్నం పారేయడం మనకు మనసొప్పదని నాకు తెలుసు, కానీ పిల్లల కడుపు ముఖ్యం.

ఈ నెల మూడో శనివారం అందరం ఇంట్లో మిగిలినదానితో, వంటింటి డబ్బాల్లో ఉన్నదానితో చేసిన వంటే తెచ్చుకుందాం. టీచర్లం కూడా అలాగే తెస్తాం. దాని కోసం ఏమీ కొనొద్దు. పోపు పెట్టేటప్పుడు పిల్లలను పక్కన నిలబెట్టుకోండి. పెద్ద తరగతుల వాళ్లయితే గరిటె వాళ్ల చేతికే ఇవ్వండి, మగపిల్లలకు కూడా. ఆ రోజు వరండాలో గుండ్రంగా కూర్చుని, మూతలు తీసి, ఒకరి ముద్ద ఒకరం రుచి చూస్తాం. పల్లీలు, నువ్వులు, గుడ్డు పడని పిల్లలుంటే గురువారంలోగా క్లాస్ టీచర్‌కు డైరీలో రాసి పంపండి. వాళ్లను వేరే వరుసలో కూర్చోబెట్టం, వాళ్ల పక్కన కూర్చునే పిల్లలు ఏం తేవొద్దో ముందే చెప్పి ఉంచుతాం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు