ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్‌లో చదువుకుంటున్న అమ్మాయికి

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి ప్రసన్నకు అమ్మ ఆశీస్సులు.

మీ విశ్వవిద్యాలయంలోని కాలిన గాయాల పరిశోధన కేంద్రం కోసం ఆ ఊరి ఫుట్‌బాల్ అభిమానులు చందాలు పోగుచేస్తున్నారని, సాయానికి నిన్నూ రమ్మన్నారని, నలభై ఏళ్ల నాటి వాళ్ల దుఃఖంలో పరాయి దేశపు పిల్లకు ఏం పని అని సంకోచిస్తున్నావని ఫోనులో చెప్పావు. అప్పుడు చెప్పిన నాలుగు ముక్కలతో నాకు తనివి తీరక ఇది వ్రాస్తున్నాను. తప్పకుండా వెళ్లు. అయితే జరిగిందేమిటో తెలుసుకుని వెళ్లు.

1985 మే 11న వ్యాలీ పరేడ్ మైదానంలో బ్రాడ్‌ఫోర్డ్ సిటీ జట్టు లింకన్ సిటీతో ఆడింది. మూడో డివిజన్ విజేతలైన బ్రాడ్‌ఫోర్డ్ వాళ్లకు ఆటకు ముందే కప్పు అందించారు కనుక జనం పండుగకు వచ్చినట్టు పిల్లాపాపలతో వచ్చారు. మధ్యాహ్నం మూడూ నలభై ప్రాంతంలో, చెక్క గ్యాలరీ పలకల సందుల్లోంచి జారిపడిన అగ్గిపుల్లో సిగరెట్టు పీకో కింద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను అంటించింది. ఆ చెత్తలో 1968 నాటి వార్తాపత్రిక కూడా దొరికిందంటే అక్కడ ఎన్నాళ్లుగా ఎవరూ ఊడవలేదో ఊహించు. తారు పూసిన పైకప్పు కింద మంట అయిదు నిమిషాలైనా గడవకుండానే గ్యాలరీ అంతా పాకింది. వెనుక ద్వారాలకు తాళాలు ఉండటంతో అటు పరుగెత్తినవారిలో చాలామంది బయటపడలేకపోయారు. ముందువైపు కంచె లేదు కాబట్టి మైదానంలోకి దూకినవారు బతికారు. మొత్తం 56 మంది పోయారు, వారిలో ఇద్దరు లింకన్ నుంచి వచ్చినవారు. గ్యాలరీ ప్రమాదకరంగా ఉందని క్లబ్బుకు అంతకు ముందు ఏడాదే హెచ్చరిక అందింది. కొత్త పైకప్పుకు కావలసిన ఉక్కు కూడా వచ్చి ఉంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

నీకు నేను ముఖ్యంగా చెప్పదలచినది ఆ తరువాతి కథ. గాయపడినవారు రెండు వందలు దాటారు. పైకప్పు సెగ నుంచి తలను కాపాడుకోవడానికి చేతులు అడ్డం పెట్టుకోవడంతో చాలామందికి చేతుల వెనుక భాగం కాలింది. కాలిన చేయి ఎలా వాచిపోతుందో పెద్దాసుపత్రి కాలిన గాయాల వార్డులో ఉద్యోగమంతా చేసిన నాకు తెలుసు. దాన్ని ఎత్తి ఉంచకపోతే వేళ్లు బిగుసుకుపోయి, మనిషి బతికి కూడా అన్నం కలుపుకోలేని స్థితి వస్తుంది. మేము దిండు గలీబును సెలైన్ స్టాండుకు కట్టి అందులో చేయి పెట్టేవాళ్లం. తెల్లవారేసరికి అది జారిపోయి ఉండేది. బ్రాడ్‌ఫోర్డ్‌లో క్షతగాత్రులకు చికిత్స చేసిన డాక్టర్ డేవిడ్ షార్ప్ చేయి జారకుండా, ఎక్కడా ఒత్తుకోకుండా నిలిపే జోలెను రూపొందించారు. బ్రాడ్‌ఫోర్డ్ స్లింగ్ అన్న పేరుతో అది ఇతర దేశాలకూ చేరింది. మీ విశ్వవిద్యాలయంలో ఆ కేంద్రాన్ని స్థాపించింది కూడా ఆయనే. నాటి నుంచి నేటి వరకు అభిమానులు ఆ కేంద్రానికి డబ్బు సమకూరుస్తూనే ఉన్నారు. పోయినవారి పేరన ఇంతకన్నా మంచి పని ఏముంటుందో నాకు తోచదు.

మన దేశంలోనూ ఇటువంటిది ఉంది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఫుట్‌బాల్ ఆటలో జరిగిన అల్లర్లలో, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోతే, వారి జ్ఞాపకంగా ఆ తేదీన అక్కడ రక్తదాన శిబిరాలు నడుపుతున్నారు. ఇక మన ఊళ్లో 1997 సెప్టెంబరులో చమురు శుద్ధి కర్మాగారం అంటుకున్న ఉదయం నీకు తెలియదు. అరవై మంది దాకా పోయారు. నేనెరిగిన కుటుంబాలు ఆ రోజున ఇంట్లోనే పటానికి దండ వేసి ఊరుకుంటాయి. వాళ్ల పక్కన కూడా ఊరు ఇలా నిలబడితే ఎంత బాగుండునో అనిపిస్తుంది. అందుకే అక్కడ నిలబడినవారిలో నువ్వూ ఉండాలని నా కోరిక.

మే 11న సెంటినరీ స్క్వేర్‌లో ఉదయం జరిగే సంస్మరణకు కూడా వెళ్లు. మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఎదురైతే నీ అంతట నువ్వు ప్రశ్నలు వేయకు, వాళ్లు చెబితే ఓపికగా విను. నా పింఛనులోంచి అయిదు వేలు నీ ఖాతాలో వేయించాను, చందాలో కలుపు. వీలైతే ఆ కేంద్రంలో ఎవరినైనా అడిగి, స్లింగ్ ఏ స్పాంజితో చేస్తారో, ఎలా కత్తిరిస్తారో కనుక్కుని ఫోటోలు పంపించు. మా వార్డులో ఇప్పుడున్న సిస్టర్లకు ఇస్తాను.

ఇట్లు,
అమ్మ