ఆదివారం ఆ గుండ్రటి బల్ల దగ్గరకే వెళ్ళండి

అమ్మలూ,

మేం అమెరికాలో మీ ఇంటి నుంచి బెజవాడ చేరి పది రోజులైంది. మీ అమ్మకి నిద్ర ఇంకా దారిన పడలేదు, రాత్రి రెండింటికి లేచి వంటింట్లో ఏదో సర్దుతూ ఉంటోంది. ఫోన్‌లో అయితే పిల్లల గోలలో నా మాట సగమే వింటావు కాబట్టి ఇలా రాస్తున్నాను. వాళ్ళు పడుకున్నాక తీరిగ్గా చదువుకో.

మొన్న మీ అమ్మతో అన్నావట, ఇక పిల్లలు పెద్దయ్యేదాకా బయట తినేది లేదని. మేం బయల్దేరే ముందు వారం జరిగింది ఇంకా నీ మనసులోంచి పోలేదని నాకు అర్థమైంది. బల్లల మీద కొవ్వొత్తులు పెట్టి తెల్లటి గుడ్డలు పరిచిన ఆ రెస్టారెంట్‌లో ముప్పావు గంటైనా తిండి రాలేదు. పెద్దాడు కుర్చీ దిగి పరిగెత్తాడు, చిన్నది గ్లాసు తోసేసింది, పక్క టేబుళ్ళ వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నువ్వు సారీ సారీ అంటూ వంగి గాజుముక్కలు ఏరబోయావు. సగం తిండి డబ్బాల్లో కట్టించుకుని వచ్చేశాం, కారులో వెనక సీట్లో నువ్వు ఏడుస్తుంటే ముందు కూర్చున్న నాకు వినిపిస్తూనే ఉంది. ఏం మాట్లాడాలో తోచక ఊరుకున్నాను. అప్పుడు అనాల్సింది ఇప్పుడు అంటున్నాను. తప్పు నీదీ కాదు, పిల్లలదీ కాదు. రెండేళ్ళ పిల్లని ముప్పావు గంట ఖాళీ ప్లేటు ముందు కూర్చోబెడితే ఏ పిల్లైనా అదే చేస్తుంది.

అంతకు మూడు వారాల ముందు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి మిల్‌బ్రేలో, అల్లుడుగారి ఫ్రెండ్ వాళ్ళతో కలిసి ఆదివారం డిమ్ సమ్‌కి, అదే చైనా హోటల్లో టీతో పాటు చిన్న చిన్న బుట్టల్లో వడ్డించే రకరకాల టిఫిన్లకి, వెళ్ళాం కదా, అది ఒకసారి గుర్తు తెచ్చుకో. అదే పిల్లలు! తలుపు దగ్గర చేపల తొట్టె ముందు పెద్దాడు కదలకుండా నిలబడ్డాడు, నంబరు పిలిచేదాకా వాడి సంగతే మనకి తెలియలేదు. లోపల ఎంత గోల, తాతలు, మామ్మలు, చంటిపిల్లలు, ఒక్కో బల్ల చుట్టూ పది పన్నెండు మంది. ఆ గోలలో చిన్నదాని ఏడుపు ఎవరికి వినపడుతుంది? కూర్చున్న ఐదు నిమిషాలకి ట్రాలీ వచ్చి మన పక్కనే ఆగింది, వెదురు బుట్ట మూత తీయగానే ఆవిరి పైకి లేచింది, పిల్లలిద్దరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. పిల్లలతో బయటికి వెళ్ళినప్పుడు అసలు కష్టం ఎదురుచూడటమే, ఇక్కడ అది లేదు. మెనూ చదివి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, కళ్ళతో చూసి ఇది కావాలి అంటే బల్ల మీదకి వస్తుంది, మన బిల్లు కార్డు మీద ముద్ర వేసి వెళ్ళిపోతారు.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆ ట్రాలీ తోసే ఆవిడ. అరవై ఏళ్ళుంటాయేమో. బియ్యప్పిండి పొరలో రొయ్యలు చుట్టిన ఆ జారుడు వంటకం, చ్యుంగ్ ఫన్, చిన్నదాని ప్లేట్లో పెట్టి, నువ్వు అడగకుండానే ఏప్రన్ జేబులోంచి కత్తెర తీసి, వేలి గోరంత ముక్కలుగా కచకచా కత్తిరించింది. తర్వాత సోయా సాస్ పోయబోయి, చిన్నదాని ముఖం చూసి ఆగి, పక్కన చిన్న గిన్నెలో పోసి నీ వైపు జరిపింది. ఒక్క మాట లేదు. మన ఇంట్లో మామ్మ ఉంటే ఏం చేసేదో అదే చేసింది.

వాళ్ళకి పిల్లలు కొత్త కాదమ్మా. కౌంటర్ వెనక చిన్న బల్ల దగ్గర ఒక పాప లెక్కలు చేసుకుంటూ కూర్చుంది, చూశావో లేదో. దీని వెనక పెద్ద కథే ఉంది. 1882లో చైనా కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసింది, 1943 దాకా అది అమల్లోనే ఉంది. వ్యాపారులకి మాత్రం మినహాయింపు ఉండేది. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటల్ యజమానులు కూడా ఆ లెక్కలోకి వచ్చారు, అయినవాళ్ళని తెచ్చుకోవడానికి వాళ్ళకి దారి దొరికింది. దాంతో హోటళ్ళు పెరిగాయి. వాళ్ళలో చాలామందికి హోటల్ అంటే కుటుంబం ఒక చోట చేరడానికి పట్టుకున్న ఆధారం, వంటింటి పక్కనే పిల్లలు పెరిగారు. అందుకే అక్కడ పిల్ల ఏడిస్తే ఎవరూ తలతిప్పి చూడరని నాకనిపిస్తుంది.

ఈసారి వెళ్ళినప్పుడు కొన్ని చూసుకో. పదిన్నర లోపలే వెళ్ళండి. పదకొండు దాటితే ఆదివారాలు బయట జనం నిండిపోతారు, ఆకలేసిన పిల్లలతో అక్కడ నిలబడటం మంచిది కాదు. నంబరు తీసుకునేటప్పుడే పిల్లల కుర్చీ కావాలని చెప్పు. ఈమధ్య చాలాచోట్ల ట్రాలీలు తీసేసి కాగితం మీద టిక్కులు పెట్టమంటున్నారు, దానికి కంగారు లేదు, ముందు రెండు రకాలు చెప్పేస్తే అవి తినేలోపు మిగతావి చూసుకోవచ్చు. ట్రాలీలే కావాలంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో 1958 నుంచి నడుస్తున్న యాంక్ సింగ్ ఉంది, ఖరీదెక్కువ, పుట్టినరోజుకి పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం టీ. బల్ల మధ్యలో తిరిగే గాజు పళ్ళెం మీద టీ కుండ అస్సలు ఉంచనివ్వద్దు. పెద్దాడు ఆ పళ్ళేన్ని గిర్రున తిప్పినప్పుడు కుండ మూత ఊగింది, నేను చెయ్యి అడ్డం పెట్టాను కానీ నా గుండె ఒక్క క్షణం ఆగిపోయింది. మరుగుతున్న నీళ్ళమ్మా అవి. కుండ పెద్దవాళ్ళ పక్కన, పిల్లల చెయ్యి అందని చోట ఉండాలి. వాడికి ఏదో ఒక పని ఇవ్వు, తిప్పొద్దు అనే బదులు "తాతయ్య ముందుకి కుడుములు రావాలి, మెల్లగా తిప్పు" అన్నాక వాడు ఎంత జాగ్రత్తగా తిప్పాడు! టీ అయిపోతే మూత కొంచెం పక్కకి జరిపి పెట్టండి, వాళ్ళే వచ్చి నింపుతారు. ఎవరైనా మన కప్పులో పోసినప్పుడు రెండు వేళ్ళతో బల్ల మీద తట్టడం వాళ్ళ థాంక్స్. పెద్దాడికి అది నేర్పించు, వాడికి ఇలాంటివి ఇష్టం.

చిన్నదానికి గంజి చెప్పు. మెనూలో కాంజీ అని ఉంటుంది, ఆ పేరు మన గంజి మాటే, తమిళం నుంచి పోర్చుగీసువాళ్ళ ద్వారా ఇంగ్లీషులోకి వెళ్ళింది. మెత్తగా ఉడికిన బియ్యం, కాసేపు ఆరబెట్టి పెడితే ఉగ్గులా తింటుంది. తియ్యటి ఎగ్ టార్ట్ చివర్లో ఇవ్వు, ముందే చూస్తే ఇంకేదీ తినదు.

మీ అమ్మ విషయంలో నాకు బాధనిపించింది. ముల్లంగి కేకు అంటే కూరగాయే కదా అని ప్లేట్లో పెట్టుకుంది, ఫ్రెండ్ వాళ్ళావిడ ఆపకపోతే తినేసేది, అందులో ఎండు రొయ్యలు, పంది మాంసం సాసేజ్ ముక్కలు వేస్తారట. మాంసం వద్దు అంటే సరిపోదు. ముక్కలు లేకుండా ఇస్తారు కానీ సూప్ కోడి ఎసరుతో ఉండొచ్చు, ఆకుకూర మీద ఆయిస్టర్ సాస్, అంటే సముద్రపు గుల్లలతో చేసిన సాస్, పోయొచ్చు. ఒక్కోటీ విడిగా అడగాలి. లో హాన్ జాయ్ అనేది బౌద్ధుల శాకాహార వంటకం, పుట్టగొడుగులూ టోఫూ వేసి చేస్తారు, అమ్మలాంటివాళ్ళకి అది చెప్పొచ్చు, అప్పుడు కూడా సాస్ ఏంటో అడిగే చెప్పు. పిల్లల ఫ్రెండ్స్‌కి ఎవరికైనా ఎలర్జీ ఉంటే నువ్వుల నూనె, వేరుశెనగ, రొయ్యల గురించి ముందే చెప్పాలి, ఆ వంటల్లో ఇవి కనపడకుండా ఉంటాయి.

అజినోమోటో గురించి నీకు టెన్షన్ అని తెలుసు. నాకూ ఉండేది, బండి మీద నూడుల్స్ తింటానంటే నిన్ను తిట్టేవాణ్ణి కూడా. 1908లో జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు నుంచి ఆ రుచిని వేరుచేశాడు. 1968లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరం నుంచి చైనీస్ తిండి మీద భయం మొదలైంది. టమాటాల్లోనూ అదే పదార్థం సహజంగా ఉంటుంది, మామూలు మోతాదులో తింటే ప్రమాదం లేదనే అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అంటోంది. చిన్నపిల్లల విషయంలో నేనైతే సోయా సాస్‌లో ఉప్పునే చూసుకుంటాను.

పెద్దాడు ట్రాలీ ఆవిణ్ణి మంచూరియా అడిగాడు, పాపం ఆవిడకి అర్థం కాలేదు. అది మనదేశపు చైనీస్ అని వాడికి చెప్పు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే ఆయన 1975లో ముంబైలో చికెన్ మంచూరియా మొదలుపెట్టాడని చెబుతారు. వాణ్ణి ఒకసారి శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో రాస్ ఆలీ అనే సందుకి కూడా తీసుకెళ్ళు, అక్కడ 1962 నుంచి ఫార్చ్యూన్ కుకీలు, అదే లోపల జోస్యం చీటీ పెట్టే బిస్కెట్లు, చేతితో మడిచే చిన్న కార్ఖానా ఉంది, వేడి మీదే మడవాలి, చల్లారితే విరిగిపోతాయి. ఆ కుకీలు చైనావి కావు, వాటి మూలం జపాన్‌లో ఉందని చెబితే వాడు వంద ప్రశ్నలు వేస్తాడు.

నీకు నాలుగేళ్ళప్పుడు బందరు రోడ్డులో ఒక చైనీస్ హోటల్‌కి వెళ్ళాం. మసక దీపాలు, ఏసీ, మీ అమ్మ పట్టుచీర కట్టుకుంది. స్వీట్‌కార్న్ సూప్ బౌలు మొత్తం నువ్వు ఆ చీర మీద ఒంపేశావు. సర్వర్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి ముందు నీ చెయ్యి కాలిందేమో చూశాడు, తర్వాతే బల్ల తుడిచాడు. ఇంకో సూప్ తెచ్చి డబ్బులు తీసుకోలేదు. తర్వాత నెల జీతం రాగానే మళ్ళీ అక్కడికే వెళ్ళాం, ఆ కుర్రాడు నిన్ను గుర్తుపట్టి ఈసారి సగం నింపిన బౌలు తెచ్చాడు.

ఈ ఆదివారం వెళ్ళండి. ఆ కత్తెర ఆవిడ కనిపిస్తే చిన్నదానితో నమస్తే పెట్టించు. ఫొటో పంపు, మీ అమ్మ అడుగుతోంది.

నాన్న