రెండో సిస్టమ్ లెక్క

తిరుపతి,
ఆదివారం

రేయ్ మురళీ,

ఎట్లున్నావు మామా? మీ పెళ్లి ఆల్బమ్ సాఫ్ట్‌వేర్‌ని విండోస్ నుంచి లైనక్సుకి, అదే ఆ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి, కూడా తేవాలా వద్దా అని అడిగావు కదా. ఫోన్లో చెప్తే సగం గాలికిపోతుంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కాఫీ కలుపుకుని చదువు, కాస్త పొడుగే.

ముందు నీ లెక్క దగ్గరే తగులుకుంటా. 'లైనక్సు వాడేవాళ్లు నాలుగు శాతమంట, అందులో పిసరంత మనకొచ్చినా చాలు' అని రాశావు. ఆ నాలుగు స్టాట్‌కౌంటర్ వాళ్లది, 2024 ఫిబ్రవరిలో ప్రపంచం మొత్తం డెస్క్‌టాపులకు చూపించిన అంకె. ఏ సిస్టమ్ నుంచి ఎన్ని వెబ్ పేజీలు తెరిచారన్న లెక్క అది. అందులో పెళ్లి ఆల్బమ్ వేసే చెయ్యి ఎన్ని పేజీల్లో ఉందో దేవుడికెరుక. కోడు రాసుకునేవాడికి 12 ఇంటూ 36 అంగుళాల ఆల్బమ్ షీటుతో పనేముంది? ఆ శాతం పట్టుకుని బ్యాంకు మేనేజరు దగ్గరికి కూడా పోవద్దు.

నువ్వు లెక్కపెట్టాల్సినవాళ్లు రెండే రకాలు. లైనక్సుకి వచ్చావు కాబట్టే కొత్తగా డబ్బు కట్టేవాడు ఒకడు. రాకపోతే నిన్ను వదిలేసి పోయేవాడు ఇంకొకడు. ఇప్పటికే విండోస్‌లో ఏటా డబ్బు కడుతూ, రేపు లైనక్సులోనూ అదే డబ్బు కట్టేవాడు సున్నా. వాడు సంతోషపడతాడు, నిజమే, కానీ నీ గల్లాపెట్టెలో తేడా రాదు. లైనక్సుకి పోర్టు చేసే, అంటే ఇట్ల తెచ్చిపెట్టే, లెక్కలు చాలావరకు ఈ మూడోవాడిని కూడా కలిపేసుకోవడం వల్లే కాగితం మీద భలే ఉంటాయి.

రెండో రకంవాడు ఇప్పుడే ఎందుకు పుట్టుకొచ్చాడంటే, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ మాడ్యూలు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరు అయితే ఎనిమిదో తరం నుంచి ఉండాలి. మన వైపు స్టూడియోల్లో ఆరో తరం ఐ5, 16 జీబీ ర్యామ్ సిస్టమ్‌లు ఇంకా దివ్యంగా పనిచేస్తున్నాయి. వాటిని మార్చాలంటే ఒక్కోదానికి యాభై అరవై వేలు పోయాలి. వాడు ఆ ఖర్చు తప్పించుకునే దారి వెతుకుతాడు. నీకున్న సందు అదొక్కటే.

ఇప్పుడు అంకెలేద్దాం. నీ రేటు ఏడాదికి 6,000, జీఎస్టీ 18 శాతం పైన. డీలరు కమిషను, ఫోన్ సపోర్టు పోను చేతికి 5,000 మిగులుతుందనుకో. ఇద్దరు ప్రోగ్రామర్లు, నెలకు తలా 60,000, ఎనిమిది నెలలు: 9 లక్షల 60 వేలు. టెస్టుకి మూడు సెకండ్‌హ్యాండ్ సిస్టమ్‌లు, 60 వేలు. మొత్తం 10 లక్షల 20 వేలు. ఆ తర్వాత మెయింటెనెన్సుకి సగం మనిషి, నెలకు 30,000. మూడేళ్లలో మిగిలిన 28 నెలలకు 8 లక్షల 40 వేలు. కలిపితే 18 లక్షల 60 వేలు. ఒక్క స్టూడియో ఆ 28 నెలల్లో నీకిచ్చేది దాదాపు 11,700. అంటే 160 స్టూడియోలు వస్తే అసలు చేతికొస్తుంది. అదీ అందరూ మొదటి రోజే వచ్చి క్యూలో నిలబడితే. నిలబడరు కాబట్టి 250 అనుకో. ఎన్ని శాతం అని కాదురా, ఆ 250 మంది పేర్లు రాయగలవా అన్నదే ప్రశ్న.

రాయగలవనే నాకనిపిస్తుంది, కానీ ఒక షరతు మీద. ఆ షరతు కోసం కొంచెం సినిమావాళ్ల దగ్గరికి పోవాలి.

1997లో టైటానిక్ గ్రాఫిక్స్‌కి డిజిటల్ డొమైన్ సంస్థ 160 డెక్ ఆల్ఫా కంప్యూటర్లు కొని, వాటిలో 105 మిషన్లకు లైనక్సు ఎక్కించింది. ఎందుకు? రెండర్ చేయడానికి. మౌసు, మెనూ, ఫాంటు గొడవ ఏమీ లేని పని. వెనక గదిలో ఫైలు ఇస్తే తెల్లారేసరికి బొమ్మ రావాలి, అంతే. అట్ల వెనక గదిలో కుదురుకున్నాకే లైనక్సు ఆర్టిస్టు బల్ల మీదికొచ్చింది. మాయా, హుడిని, న్యూక్ అనే గ్రాఫిక్స్ ప్రోగ్రాములన్నీ ఈరోజు లైనక్సులో నడుస్తున్నాయంటే ఆ కంపెనీలకు లైనక్సు మీద ప్రేమ పుట్టి కాదు. కొనేవాళ్లు కొద్దిమంది, ఒక్కొక్కరు కొనే లైసెన్సులు వందల్లో, వాళ్లంతా ఒకే మాట మీద అడిగారు. పైగా ఆ ప్రోగ్రాములు చాలావరకు అంతకుముందే సిలికాన్ గ్రాఫిక్స్ మిషన్ల మీద, లైనక్సుకి పెద్దన్న లాంటి యూనిక్సులో నడిచినవి, పోర్టు పని సగం అయిపోయినట్టే. నీ కోడు అట్లాంటిది కాదు. 2014 నుంచి వాళ్లు వీఎఫ్‌ఎక్స్ రిఫరెన్స్ ప్లాట్‌ఫామ్ అని ఏటా ఒక పట్టీ పెట్టుకుంటున్నారు, ప్రోగ్రాములు కట్టడానికి ఏ కంపైలరు, ఏ పైథాన్, స్క్రీన్లు కట్టే క్యూటీ ఏ వెర్షను వాడాలో అందరికీ ఒకటే. లైనక్సులో వంద రకాలున్నాయన్న భయాన్ని వాళ్లు అట్ల పోగొట్టుకున్నారు.

కోరెల్‌డ్రా చేసే కోరెల్ కంపెనీ కథ దీనికి పూర్తిగా రివర్సు. 1999లో సొంత లైనక్సే విడుదల చేశారు, 2000లో కోరెల్‌డ్రా 9ని, విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్సులో నడిపించే వైన్ సాయంతో తెచ్చారు. అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీలో 13.5 కోట్ల డాలర్లు పెట్టింది, మరుసటి ఏడు లైనక్సు విభాగం అమ్ముడైపోయింది. మైక్రోసాఫ్టే ముంచిందని అంటుంటారు. నేనైతే అట్ల అనుకోను. అప్పట్లో లైనక్సు ఎక్కించుకున్నవాడు డిజైనరు కాదు, డిజైనరేమో లైనక్సు ఎక్కించుకోలేదు. సరుకు ఒక ఊళ్లో, సంత ఇంకో ఊళ్లో. 2003లో ఫోటోషాప్ 7 లైనక్సులో నడవాలని డిస్నీ, డ్రీమ్‌వర్క్స్, పిక్సార్ కలిసి కోడ్‌వీవర్స్ సంస్థకు డబ్బిచ్చి వైన్‌ని బాగుచేయించుకున్నాయి. కావాల్సినవాడే డబ్బు తీశాడు చూడు, ఫోటోషాప్ చేసే అడోబీ తియ్యలేదు.

ఇప్పుడు షరతు. స్టూడియోలో మెయిన్ సిస్టమ్ జోలికి పోవద్దు. దాంట్లో ఫోటోషాప్ ఉంటుంది, దాని పక్కన పీఎస్‌డీ, అంటే ఫోటోషాప్ ఫైళ్ల, టెంప్లేట్లు వందల జీబీలు, యాక్షన్లు, ప్లగిన్‌లు. తెలుగు టైపుకి అను స్క్రిప్ట్ మేనేజర్. అను ఫాంటు ఫైళ్లు లైనక్సులో ఎక్కించుకుంటే అక్షరాలు కనబడతాయి, కానీ కీబోర్డు మేనేజరు విండోస్‌దే. ఆ సిస్టమ్‌ని మార్చమంటే నీ సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా దండం పెట్టి పంపించేస్తాడు. కానీ చాలా స్టూడియోల్లో రెండో సిస్టమ్ ఒకటుంటుంది. ఫోటోలు ఏరడం, షీట్లు పేర్చడం, ల్యాబ్‌కి జేపెగ్‌లు తీయడం, ఇవే దాని పనులు. మూలన పడేద్దామా అని చూస్తున్న ఆరో తరం ఐ5 అదే. నీ 250 అక్కడుంది. శ్రీనివాస మంగాపురం, తిరుచానూరు పెళ్లిళ్లు పట్టే స్టూడియోలకు మాఘమాసంలో ఇలాంటి సిస్టమ్‌లు రెండున్నా చాలవు.

ఆ పని బరువెంతో ఒకసారి చూడు. 12 ఇంటూ 36 షీటు 300 డీపీఐలో అంటే 3,600 ఇంటూ 10,800 పిక్సెళ్లు, 3 కోట్ల 88 లక్షలు. పిక్సెల్‌కి నాలుగు బైట్లు వేసుకుంటే ఒక లేయరు 155 ఎంబీ. పది లేయర్లంటే ఒకటిన్నర జీబీ, ఒక్క షీటుకే. 8 జీబీ సిస్టమ్‌లో బ్రౌజరు కూడా తెరిచి ఉంటే స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలక డిస్కు మీదికి, జారి నత్త పాకినట్టు పాకుతుంది. వాడు 'లైనక్సు స్లో' అంటాడు కానీ 'ర్యామ్ లేదు' అనడు. అందుకని ఎక్స్‌పోర్టుని షీటు మొత్తంగా కాకుండా ముక్కలు ముక్కలుగా, 512 పిక్సెళ్ల గడుల్లో చేయి. ఎస్‌ఆర్‌జీబీ రంగుల ప్రొఫైలు ఫైల్లో కూర్చి పంపు, లేకపోతే ల్యాబ్‌లో పెళ్లికూతురి ఎర్ర చీర నారింజలోకి తిరిగినా ఆశ్చర్యపోవద్దు, తిట్లు మాత్రం నీకే.

పని ఏ వరసలో మొదలుపెట్టాలంటే, తొలి రెండు వారాలు కోడు ముట్టుకోవద్దు. ఇప్పుడున్న విండోస్ వెర్షనునే లైనక్సు మింట్ 22లో వైన్ మీద నడిపి, ఏమేం చస్తాయో రాసుకో. యూఎస్‌బీ డాంగిల్ లాక్, అదే లైసెన్సు కోసం గుచ్చే పెన్‌డ్రైవు లాంటిది, ఉంటే అది పోయినట్టే లెక్క, విండోస్ కెర్నల్ డ్రైవర్లు వైన్‌లో ఎక్కవు. మైక్రోసాఫ్ట్ వాళ్ల డబ్ల్యూపీఎఫ్‌లో కట్టిన స్క్రీన్లు ఉంటే అవీ ఇబ్బంది పెడతాయి. తర్వాత ఎక్స్‌పోర్టు ఇంజన్ని స్క్రీన్ల నుంచి విడదీయి, స్క్రీన్ లేకుండా కమాండు మీద నడిచేలా. నా మట్టుకు మొత్తం పనిలో విలువైంది ఇదే. లైనక్సు అటకెక్కినా, రాత్రంతా నలభై షీట్లు తనంతట తనే తీసే ఇంజను విండోస్‌లో కూడా పనికొస్తుంది. స్క్రీన్లను క్యూటీలోకి తీసుకురావడం ఆఖరున.

తగిలే దెబ్బలు కొన్ని ఇప్పుడే చెప్తున్నా. విండోస్‌కి పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా లేదు, లైనక్సుకి ఉంది. ఆల్బమ్ ఫైల్లో ఫోటో పేరు చిన్నబడి జేపీజీ అని, డిస్కులో పెద్దబడి జేపీజీ అని ఉంటే ఫోటో కనబడలేదంటుంది. కెమెరాలు పెద్దబడి పెడతాయి కాబట్టి ఇది ప్రతి స్టూడియోలో వస్తుంది. పేరు దొరక్కపోతే బడి పట్టించుకోకుండా ఇంకోసారి వెతికే పది లైన్లు రాసిపెట్టు, నెలకు యాభై ఫోన్లు తప్పుతాయి.

మెయిన్ సిస్టమ్ నుంచి ఎక్స్‌టర్నల్ డిస్కు తెస్తారు కదా, విండోస్‌లో సరిగ్గా ఎజెక్ట్ చెయ్యకుండా పీకేసినా, విండోస్, లైనక్సు రెండూ ఎక్కించిన డ్యూయల్ బూట్‌లో విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆపకపోయినా, విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు లైనక్సులో చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, ఒక్కోసారి అసలు తెరుచుకోదు. సేవ్ కాలేదని నీకు ఫోనొస్తుంది. సేవ్ చేసే ముందే ఆ ఫోల్డరులో రాయగలమా లేదా చూసి, తెలుగులో ఒక మాట చెప్పించు.

తెలుగు అక్షరాలంటే గుర్తొచ్చింది. గుణింతాలు, ఒత్తులు పేర్చే షేపింగ్ పని విండోస్ లైబ్రరీకి ఒకచోట, హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీకి ఇంకోచోట అప్పజెప్పావంటే వెడల్పుల్లో తేడా వచ్చి, ఒక లైనులో పట్టిన పేరు రెండు లైన్లకు విరుగుతుంది. రెండు వెర్షన్లలోనూ హార్ఫ్‌బజ్‌నే పెట్టు. 'లక్ష్మీ', 'స్త్రీ', 'శ్రీకాళహస్తీశ్వర' ఈ మూడూ సరిగ్గా వస్తే చాలావరకు గట్టెక్కినట్టే. రామభద్ర, మల్లన్న, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, ప్యాకేజీలోనే ఇచ్చెయ్.

ప్యాకింగు విషయం. ఉబుంటు అనే లైనక్సు రకంలో 22.04 వెర్షను మీద కంపైల్ చేసింది 24.04 మీద నడుస్తుంది, తిరగేస్తే నడవదు, జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ కొత్తది కావాలని మొరాయిస్తుంది. కాబట్టి పాతదాని మీదే కట్టు, అప్పుడు ఆ రెండు ఉబుంటుల మీద కట్టిన మింట్ 21, 22 రెండూ కలిసొస్తాయి. యాప్‌ఇమేజ్‌గా, అంటే అన్నీ ఒకే ఫైల్లో కూర్చి, ఇస్తే పాత రన్‌టైమ్‌తో చుట్టొద్దు. దానికి ఫ్యూజ్ 2 లైబ్రరీ కావాలి, ఉబుంటు 22.04 నుంచి అది మామూలుగా ఉండదు, డబుల్ క్లిక్ చేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఫ్లాట్‌ప్యాక్ అనే ఇంకో రకం ప్యాకింగు అయితే నువ్వు అనుమతి అడిగితే తప్ప బయటి డిస్కులు కనబడవు. ఏదో ఒకటి పట్టుకో, రెండూ వద్దు. సపోర్టు మింట్‌కి, ఎక్కువ ఏళ్లు సపోర్టు ఉండే ఉబుంటు ఎల్‌టీఎస్‌కి మాత్రమేనని కొనే పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాయి. ఇంకేదో లైనక్సులో నడవట్లేదని వచ్చేవాడికి 'మీ ఇష్టం సార్' అనడమే.

పీఎస్‌డీ టెంప్లేట్లను తెరవడం మాత్రం నువ్వే రాసుకోవాలి, తప్పదు. గింప్ అనే ఉచిత ఫోటో ప్రోగ్రాములో లేయర్లు బాగానే వస్తాయి కానీ స్మార్ట్ ఆబ్జెక్టులు, ఎఫెక్టులు తేడా కొడతాయి. నీకు మొత్తం అక్కర్లేదురా. ఫోటో కూర్చునే గడి, దాని మాస్కు, వెనకబొమ్మ, ఈ మూడూ వస్తే ఆల్బమ్ టెంప్లేట్లలో ఎక్కువ పని జరిగిపోతుంది. ఎప్పుడైనా ఒక ముఖం సరిచేయాల్సి వస్తే బ్రౌజరులో ఫోటోపియా తెరుచుకుంటారు.

లైసెన్సు ఒకటే ఉంచు, విండోస్‌కీ లైనక్సుకీ కలిపి. మెయిన్ సిస్టమ్‌కి 6,000 కట్టినవాడికి రెండో సిస్టమ్ లైనక్సు అయితే 2,500 అను. అప్పుడు నేను పైన సున్నా అన్నవాడు కూడా 2,500 అవుతాడు, లెక్క నీ వైపు కొంచెం మొగ్గుతుంది. కానీ ప్రోగ్రామర్లను పెట్టుకునే ముందు మదనపల్లె, పలమనేరు, శ్రీకాళహస్తి డీలర్లతో చెప్పి, వెయ్యి రూపాయల అడ్వాన్సు యూపీఐలో తీసుకో, రాకపోతే వాపసు అని రాసిచ్చి. ఆరు వారాల్లో అరవై మంది కట్టకపోతే ఎక్స్‌పోర్టు ఇంజను వరకు చేసి ఆపెయ్. 'సూపర్ అన్నా, తీసుకురా' అనే మెసేజీలను లెక్కలో వేసుకోవద్దు, అవి ఊరికే వస్తాయి.

ఇంకోటి, విడుదల ఆషాఢంలోనే పెట్టు. ముహూర్తాలుండవు, స్టూడియోవాళ్లు ఖాళీగా ఉంటారు, సిస్టమ్ ఫార్మాట్ చేయమన్నా చేస్తారు. శ్రావణం దగ్గర పడ్డాక ఎవడూ మౌసు కూడా మార్చడు.

నీ దగ్గరున్న టెంప్లేట్లలో బాగా గజిబిజిగా ఉన్నవి ఒక రెండు, పెద్దబడి చిన్నబడి కలగలిసిన ఫోటో ఫోల్డరు ఒకటి పెన్‌డ్రైవులో వేసి బస్సు పార్సిల్లో పంపు. వైన్‌లో ఏమవుతుందో ఇక్కడ చూసి, లాగ్ ఫైలు నీకు పంపిస్తా. అమ్మకు నమస్కారాలు చెప్పు. ఈసారి మామిడికాయ ఊరగాయ పెట్టినప్పుడు నా వాటా మర్చిపోవద్దను.

నీ
భాస్కర్