అత్తయ్య మందుల సంచీ లెక్క

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితోపాటు నువ్వు జిరాక్స్ తీయించి పంపిన అత్తయ్య మందుల చీటీలూ సోమవారం అందాయి. రాత్రి భోజనమయ్యాక మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పరుచుకుని కూర్చున్నాను. అరికాళ్ల మంటలకు ఒక డాక్టరుగారు, మతిమరుపుకు ఇంకొకరు, మూత్రం ఆగకపోవడానికి వేరొకరు రాసిన ఆ చీటీలు ఒకదాని ముఖం ఒకటి ఎప్పుడూ చూసినట్టు లేవు. "మూడు దాటితే ప్రమాదమట, అమ్మకు ఏడు వచ్చింది, ఈ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?" అని, ఒక్కొక్క మందుకు ఒక్కొక్క అంకె వేసి కూడే ఆ పద్ధతి గురించి అడిగావు. వార్డు వార్డుకూ తిరిగి పెద్దవాళ్ల మందుల చీటీలు సరిచూడడమే నా ఉద్యోగం కనుక కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

చిన్నప్పుడు చెరువుగట్టు మీద ఉమ్మెత్తకాయ కోయబోతే మీ నాయనమ్మ వేసిన కేక గుర్తుందా? ఉమ్మెత్త తిన్నవాడికి నోరు పిడచకట్టుకుపోతుంది, కంటిపాప విప్పారి చూపు మసకబారుతుంది, ఒళ్లు కాలిపోతున్నా చెమట పట్టదు, మూత్రం బిగదీసుకుంటుంది, చివరకు ఎదురుగా లేని మనుషులతో మాట్లాడడం మొదలుపెడతాడు. అందులోని అట్రోపిన్, స్కోపొలమైన్ అనే పదార్థాలు నరాల కబుర్లు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి అడ్డుపడడం వల్లనే ఇదంతా జరుగుతుంది. ఆ అడ్డుపడే గుణానికే యాంటీకోలినర్జిక్ అని పేరు. చిక్కేమిటంటే, మనం రోజూ వాడే ఎన్నో మాత్రలలో ఈ ఉమ్మెత్త గుణం కొద్దికొద్దిగా ఉంటుంది. పడుచువాళ్లకు అది నోరెండడంతో సరిపోతుంది. డెబ్బై దాటినవాళ్లలో కాలేయమూ మూత్రపిండాలూ మందును నెమ్మదిగా వదిలిస్తాయి, మెదడులో ఎసిటైల్‌కోలిన్ నిల్వ ముందే తగ్గి ఉంటుంది కనుక, అదే మాత్ర మతిమరుపుగానో, తూలి పడడంగానో, సంధి ప్రేలాపనగానో బయటపడుతుంది. "సాయంత్రమైతే గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారంటోంది" అని నువ్వు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయింది అందుకే.

మందులన్నీ కలిసి ఒంటి మీద మోపే ఈ ఉమ్మెత్త గుణపు భారాన్ని కొలవాలని మొదట రక్తాన్నే పరీక్షించారు. 1980లో ట్యూన్, కోయిల్ అనే ఇద్దరు పరిశోధకులు, రోగి రక్తంలోని మందులు ఎలుక మెదడు కణజాలంలోని గ్రాహకాలను, అంటే ఎసిటైల్‌కోలిన్ కబురును అందుకునే చోట్లను, ఎంతగా ఆక్రమిస్తాయో రేడియోధార్మిక పదార్థం సాయంతో కొలిచే పద్ధతిని చూపించారు. 1992లో ట్యూన్ బృందమే, పెద్దవాళ్లకు ఎక్కువగా రాసే 25 మందులను అలా పరీక్షిస్తే 14 మందులలో ఈ గుణం కనబడింది. వాటిలో ఎవరూ అనుమానించని గుండె మందులు కూడా ఉండడం అప్పట్లో ఆశ్చర్యం కలిగించింది. అయితే ప్రతి ఊరి ఆసుపత్రిలోనూ ఎలుక మెదడు పెట్టుకుని కూర్చోలేము కదా! అందుకే తరువాతివాళ్లు మందుల జాబితాలు తయారుచేసి, ఒక్కొక్క మందుకు ఒక్కొక్క అంకె కేటాయించారు.

నువ్వు వేసిన లెక్క అమెరికాలోని ఇండియానాలో బూస్తానీ బృందం 2008లో ప్రకటించి, 2012లో సవరించిన ఏసీబీ (యాంటీకోలినర్జిక్ కాగ్నిటివ్ బర్డెన్, అంటే మెదడు మీద పడే యాంటీకోలినర్జిక్ భారం) జాబితాది. పరీక్షనాళికలో గుణం కనబడినా మనిషి మెదడు మీద ప్రభావం రుజువు కాని మందుకు ఒకటి, ప్రభావం స్పష్టంగా ఉన్నదానికి రెండు లేదా మూడు వేస్తారు. మొత్తం మూడైనా, అంతకు మించినా పట్టించుకోవాలంటారు. ఆ ప్రకారం అత్తయ్యకు అరికాళ్ల మంటలకు రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్‌కు మూడు, మూత్రానికి ఇచ్చిన ఆక్సీబ్యుటినిన్‌కు మూడు, బీపీకి వాడే మెటోప్రొలాల్‌కు ఒకటి, వెరసి ఏడు. నీ కూడిక సరిగ్గానే ఉంది, కాని సంచీ సరిగ్గా వెదకలేదు. ఉత్తరం చివర "తుమ్ములకు షాపువాడిచ్చిన మాత్ర కూడా అప్పుడప్పుడూ వేసుకుంటుంది" అని మాటవరుసకు రాశావు చూడు, అటువంటి జలుబు మాత్రలలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. దానికీ మూడే. అట్ట వెనుక సన్నటి అక్షరాలలో ఆ పేరు ఉందేమో చూడు. ఉంటే, అది వేసుకున్న రోజున అత్తయ్య లెక్క పది.

ఈ విషయంలో నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నిరుడు ఒక పెద్దాయన చీటీ చూసి, ఒకటే వచ్చిందని ధీమాగా రాసి పడేశాను. మర్నాడు ఉదయం ఆయన మంచం మీద కూర్చుని, పంచె మడతలోంచి కాగితం పొట్లం తీసి, "ఇది మావాడు తెచ్చిన దురద బిళ్ల బాబూ, చీటీలో ఉండదు" అని విప్పి చూపించాడు. అది హైడ్రాక్సిజిన్, ఏసీబీలో మూడు. నాలుగు రోజులుగా ఆయన రాత్రిళ్లు చేతులతో గాలిలో ఏదో ఏరుతున్నాడని నర్సమ్మ చెబుతూనే ఉంది. అప్పటినుంచి చీటీని పక్కన పెట్టి, ముందుగా సంచీని మంచం మీద బోర్లించమంటున్నాను.

ఇక ఈ అంకెను ఎంత నమ్మాలన్నదే అసలు ప్రశ్న. మొదటి లోపం, మోతాదు. ఏసీబీ లెక్కలో అమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములు వేసుకున్నా డెబ్బై అయిదు వేసుకున్నా మూడే. దీన్ని సరిచేయడానికే 2007లో సారా హిల్మర్ బృందం డ్రగ్ బర్డెన్ ఇండెక్స్ అనే సూత్రాన్ని తెచ్చింది. అందులో రోజువారీ మోతాదును, ఆ మోతాదూ సిఫారసు చేసిన కనీస మోతాదూ కలిపిన మొత్తంతో భాగిస్తారు. కనీస మోతాదే వాడితే అర, రెట్టింపు వాడితే మూడింట రెండు వంతులు వస్తుంది. మత్తు కలిగించే మందులనూ అందులో కలుపుతారు. పిట్స్‌బర్గ్, మెంఫిస్ ప్రాంతాలలో 70 నుంచి 79 ఏళ్ల మధ్యనున్న 3,075 మంది మీద చూస్తే, ఆ సూచిక పెరిగినకొద్దీ నడక, బుర్ర చురుకు మందగించాయని తేలింది. నాకు ఇదే ఎక్కువ న్యాయంగా తోస్తుంది, కాని ఓపీలో నలభైమంది వరుసలో ఉన్నప్పుడు భాగహారాలు ఎవరు చేస్తారు?

రెండవ లోపం, జాబితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం. మానసిక జబ్బులకు ఇచ్చే క్వెటయాపిన్‌కు ఏసీబీలో మూడు, అదే 2008లో బోస్టన్ నుంచి వచ్చిన ఏఆర్‌ఎస్ (యాంటీకోలినర్జిక్ రిస్క్ స్కేల్) అనే మరో జాబితాలో ఒకటి. అలర్జీకి వాడే సెటిరిజిన్ విషయంలో తిరగబడి, ఏసీబీలో ఒకటి, ఏఆర్‌ఎస్‌లో రెండు. పైగా వార్‌ఫరిన్, డిగాక్సిన్, ఫ్యూరోసెమైడ్, మెటోప్రొలాల్ నాలుగూ వాడే గుండె రోగికి ఏసీబీలో నాలుగు వస్తుంది. ఆ నాలుగుకూ, ఒక్క ఆక్సీబ్యుటినిన్ తెచ్చే మూడుకూ పోలికే లేదు. అంకె పెద్దదైందని ఆ గుండె మందులు ఆపితే మనిషే పోతాడు. కాబట్టి ఒకట్లు పోగేసి భయపడకు, మూళ్లు ఎక్కడున్నాయో చూడు అంటాను నేను.

అలాగని లెక్కను కొట్టిపారేయలేము. బ్రిటన్‌లో దాదాపు 13 వేలమంది మీద జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఒక్కొక్క అంకె పెరిగినకొద్దీ రెండేళ్లలో మరణించే అవకాశం 26 శాతం చొప్పున ఎక్కువగా కనబడింది. సియాటిల్‌లో 3,434 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించి 2015లో ప్రకటించిన ఫలితాలలో, బలమైన యాంటీకోలినర్జిక్ మందులను రోజూ మూడేళ్లకు మించి వాడినంత మోతాదు పోగైనవారిలో డిమెన్షియా (జ్ఞాపకమూ ఆలోచనా క్రమంగా క్షీణించే జబ్బు) ముప్పు 54 శాతం ఎక్కువ. అయితే నిద్రలేమి, దిగులు, మూత్రం ఆగకపోవడం స్వయంగా డిమెన్షియాకు తొలి ఆనవాళ్లు కావచ్చు, మందు వాటి వెనకే వచ్చి ఉండవచ్చు. నార్వేలోని వృద్ధాశ్రమాలలో 87 మందితో చేసి 2013లో ప్రకటించిన పరీక్షలో, భారం తగ్గించినా ఎనిమిది వారాలకు జ్ఞాపకశక్తి చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదు. కనుక మాత్ర మానగానే అత్తయ్య పాతకాలపు పద్దుల పుస్తకంలా అన్నీ ఒప్పజెబుతుందని నీకు ఆశపెట్టను. సాయంత్రపు ఆ కలవరం మాత్రం తగ్గవచ్చని నా అంచనా.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది చీటీల మీది తేదీల వరుస. మొదట అమిట్రిప్టిలిన్, నాలుగు నెలలకు మతిమరుపని డోనెపెజిల్, ఆ తరువాత రెండు నెలలకు ఆక్సీబ్యుటినిన్. డోనెపెజిల్ ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, అందువల్ల కొందరికి మూత్రం ఆగదు. దానికోసం ఇచ్చిన ఆక్సీబ్యుటినిన్ ఆ ఎసిటైల్‌కోలిన్‌నే అడ్డుకుంటుంది. ఒకరు తూము ఎత్తుతుంటే ఇంకొకరు అదే కాలువకు అడ్డుకట్ట వేస్తున్నారన్నమాట. ఏ డాక్టరుగారూ తమ చీటీలో తప్పు రాయలేదు, మూడు చీటీలనూ కలిపి చదివినవారు లేరు, అంతే.

దయచేసి నువ్వుగా ఏదీ ఆపవద్దు. అమిట్రిప్టిలిన్‌ను హఠాత్తుగా మానితే వికారమూ నిద్రలేమీ వస్తాయి, మెల్లగా దించాలి. జలుబు మాత్రను మాత్రం ఈ రోజే సంచీలోంచి తీసేయి. సంచీ మొత్తాన్నీ, ఈ తేదీల వరుసనూ మతిమరుపు డాక్టరుగారి ముందు పెట్టి, ఆక్సీబ్యుటినిన్ అవసరమా, డోనెపెజిల్ అవసరమా అని ముందుగా అడుగు. కాళ్ల మంటలకు అమిట్రిప్టిలిన్ బదులు ప్రీగాబలిన్ ఇస్తామంటే, మూడు పాయింట్లు తగ్గాయని సంబరపడకు. దానికీ మగతా తూలుడూ ఉంటాయి, రాత్రిపూట బాత్రూము దారిలో అత్తయ్య ఒక్కతే నడవకూడదు.

వెళ్లేలోపు ఒక వారంపాటు నోటుబుక్కులో ఈ నాలుగు రాసిపెట్టు: రాత్రి ఎన్నిసార్లు లేచి చెంబులో నీళ్లు తాగింది, ఎన్నాళ్లకొకసారి విరేచనమైంది, మూత్రం కష్టంగా వచ్చిందా, గుమ్మం దగ్గర మనిషి ఏయే రోజులలో కనబడ్డాడు. ఆ నాలుగో గడి పక్కన జలుబు మాత్ర వేసుకున్న రోజులనూ గుర్తుపెట్టు. ఆ పేజీ జిరాక్స్ నాకూ ఒకటి పంపు.

అత్తయ్యకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మిత్రుడు