మళ్ళీ కొండల దగ్గరికి వెళ్ళావని తెలిసి

ఒరేయ్,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. ఆ రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఇన్నేళ్ళు అబ్‌స్ట్రాక్ట్ (ఇది ఫలానా అని పోల్చలేని నైరూప్య చిత్రాలు) వేసి ఇప్పుడు మళ్ళీ చెట్లూ గుట్టలూ వేస్తుంటే, వీడి దగ్గర సరుకు అయిపోయిందనుకుంటున్నారు" అని రాశావు చూడు, అక్కడ. ఎగ్జిబిషన్‌కి వచ్చిన పెద్దమనిషెవరో "వెనక్కి వెళ్తున్నారేంటండీ" అన్నాడట. ఆ మాట నీకెంత గుచ్చుకుందో నీ చేతిరాతే చెబుతోంది. ఎప్పుడూ గుండ్రంగా రాసేవాడివి, అక్కడ మాత్రం కలం కాగితంలోకి దిగిపోయింది.

ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి. నువ్వు కొండల్ని వదిలేసి ఆ పెద్ద పెద్ద రంగుల పలకలు మొదలుపెట్టినప్పుడు నేనూ ఇలాంటి మాటే అన్నాను. "అంత బాగా వేసే చెరువుని ఎందుకు వదిలేశావురా" అని అడిగాను. నువ్వేం మాట్లాడలేదు. తర్వాతెప్పుడో నీ గదిలో పడుకుని, తెల్లారుజామున మెలకువ వచ్చి, గోడకి ఆనించిన బూడిదరంగు క్యాన్వాస్ వైపు ఊరికే చూస్తూ ఉన్నాను. వెలుతురు పెరిగేకొద్దీ కింది భాగంలో సన్నటి గీటొకటి తేలింది. దానిమీద బూడిదరంగు పొడిగా ఉంది, దానికింద తడిగా. అది చెరువుగట్టేరా! నువ్వు చెరువుని వదిలెయ్యలేదు, దాని పేరు చెప్పడం మానేశావంతే. ఈ సంగతి నీకప్పుడే చెప్పాల్సింది. ఇన్నేళ్ళు ఆలస్యం చేశాను.

నీకు రిచర్డ్ డీబెన్‌కార్న్ సంగతి చెప్పాలి. పేరు వినే ఉంటావు, కానీ ఆయన బొమ్మల్ని వరసగా, ఏ ఏడాది ఏది వేశాడో చూసుకుంటూ వెళ్ళావో లేదో. 1922లో పుట్టిన అమెరికన్ చిత్రకారుడు. మొదట్లో అబ్‌స్ట్రాక్టే. 1950ల మొదట్లో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో చదువుకుంటూ వేసిన బొమ్మల్లో ఆ ఎడారి ఇసుకరంగులు, ఎర్రమట్టి రంగులు అన్నీ ఉంటాయి గానీ, ఇది కొండ, ఇది దారి అని వేలుపెట్టి చూపించలేం. 1951లో విమానంలో తక్కువ ఎత్తున ఆ నేలమీదుగా ప్రయాణించాడు. పైనుంచి చూసిన ఆ దృశ్యం ఆయన మీద బాగా పనిచేసింది.

ఎందుకు పనిచేసిందో నాకు తోచింది చెబుతాను. నేలమీద నిలబడి చూస్తే దిగంతం ఉంటుంది. అది గీయగానే బొమ్మ పైనా కిందా అని రెండు ముక్కలవుతుంది. పైది ఆకాశం, కిందిది నేల. దగ్గరవి పెద్దవి, దూరంవి చిన్నవి. అన్నీ ముందే నిర్ణయమైపోతాయి. అదే పైనుంచి చూశావనుకో, దిగంతం మాయం. పొలాలు, కాలువలు, దారులు అన్నీ ఒకే తలం మీద, గోడకి కొట్టిన పటంలా నిలబడతాయి. ఏదీ దగ్గర కాదు, ఏదీ దూరం కాదు. అంటే నేలే తనంతట తాను అబ్‌స్ట్రాక్ట్ అయిపోతుంది, చిత్రకారుడు కల్పించాల్సిన పని లేకుండానే. దిగంతాన్ని ఉంచడమా తీసెయ్యడమా అనే ఈ ఒక్క నిర్ణయం చుట్టూనే ఆయన జీవితమంతా తిరిగిందని నాకనిపిస్తుంది. నీదీ అంతేనేమో చూసుకో.

అసలు కథ తర్వాతది. 1953లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ చేరాడు. అక్కడ వేసిన అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలకి 'బర్క్‌లీ' అని పేరుపెట్టి నంబర్లు వేసుకుంటూ పోయాడు. పేరొచ్చింది. న్యూయార్క్ అంతా అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం, అంటే లోపలి ఆవేశాన్నే నేరుగా రంగుల్లో పెట్టే పద్ధతి, జపం చేస్తున్న రోజులు. సరిగ్గా అప్పుడు, 1955లో, దాన్ని పక్కనపెట్టి 'షాబో వ్యాలీ' అనే చిన్న ల్యాండ్‌స్కేప్ వేశాడు. తర్వాత పదేళ్ళపైన కిటికీలు, కుర్చీలో కూర్చున్న మనుషులు, ఎండపడిన వీధులు. ఆయనకంటే ముందే డేవిడ్ పార్క్ అనే ఇంకో చిత్రకారుడు ఇంకా తెగించాడు, 1949లో తన అబ్‌స్ట్రాక్ట్ క్యాన్వాసుల్ని తీసుకెళ్ళి చెత్తకుప్పలో పారేశాడు. (నువ్వలాంటి పని చెయ్యొద్దు. మాటిస్తేనే మిగతాది చదువు.)

ఆ ఏళ్ళలో వేసిన 'సిటీస్కేప్ 1' దొరికితే చూడు, 1963 నాటిది. నిట్టనిలువుగా ఎక్కే వీధి, ఎడమవైపు ఇళ్ళు, కుడివైపు పచ్చవీ గోధుమరంగువీ ఖాళీ నేల చెక్కలు, అడ్డంగా పడిన నీడలు. చూడగానే ఊరే. కళ్ళు సగం మూసి చూస్తే ఊరు పోయి రంగుల పలకలు మిగులుతాయి. ఆ నీడ చూడు, నీడ పని చేస్తూనే ఒక నీలి పలక పని కూడా చేస్తోంది. అబ్‌స్ట్రాక్ట్‌లో పదేళ్ళు చెయ్యి అరగదీసుకోకపోతే ఆ నీడ అలా పడేది కాదు.

1966లో లాస్ ఏంజెలెస్‌లో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ బొమ్మల ప్రదర్శన చూశాడు. అందులో 1914లో వేసిన రెండు బొమ్మలున్నాయి. ఒకటి పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చి, దాదాపు నీలం తప్ప ఏమీ లేదు. రెండోది ఫ్రాన్స్‌లోనే కొల్యూర్ అనే ఊళ్ళో తెరిచిన కిటికీ, అవతలంతా నలుపే. రెండూ దృశ్యానికీ నైరూప్యానికీ మధ్య గడపమీద నిలబడ్డ బొమ్మలు. అదే ఏడాది శాంటా మోనికా వైపు మకాం మార్చాడు. 1967లో 'ఓషన్ పార్క్' మొదలైంది. ఆయన స్టూడియో ఉన్న పేట పేరే అది. ఇరవై ఏళ్ళలో సుమారు 140 పెద్ద క్యాన్వాసులు. మళ్ళీ పూర్తి అబ్‌స్ట్రాక్ట్! కానీ ఆ పల్చటి నీలాల్లో, ఏటవాలు గీతల్లో సముద్రపు వెలుతురుంది, కిటికీ చట్రముంది. వేసింది గీకేసి, దానిమీద పల్చగా ఇంకో పొర పూసి, బొగ్గుగీతలు జరిపి, జరిపిన ఆనవాళ్ళు అలాగే ఉంచేవాడు. ఆ పదేళ్ళ కిటికీలే లేకపోతే ఆ చట్రాలెక్కడివి?

మన చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా కూడా 1922లోనే పుట్టాడు, మధ్యప్రదేశ్ అడవుల్లో. ఆయన దారి వేరు. బొంబాయి వీధులు, కాశ్మీర్ దృశ్యాలు నీటిరంగుల్లో వేసేవాడు. 1948లో కాశ్మీర్‌లో ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసోన్ ఆ బొమ్మలు చూసి, వీటిలో నిర్మాణం లేదు, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్‌ని చదువు అన్నాడట. రజా ఆ మాట పట్టుకుని 1950లో పారిస్ వెళ్ళాడు. పల్లెలు, చర్చిలు, దళసరి ఆయిల్ రంగుల్లో మండే ఆకాశాలు, చివరికి 1980 నాటికి బిందువు. చిన్నప్పుడు బడిలో మాస్టారు గోడమీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడన్న సంగతి నీకు తెలిసిందే.

నాకు బాగా నచ్చిన ముక్క ఇది. 1962లో రజా పాఠాలు చెప్పడానికి బర్క్‌లీ వెళ్ళాడు. అమెరికాలో అక్కడి అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు రోత్కో బొమ్మలు చూసి కదిలిపోయాడు. ఆయిల్ వదిలి, త్వరగా ఆరే యాక్రిలిక్ రంగులకి వచ్చాడు. దృశ్యం నుంచి నైరూప్యం వైపు ఆయన అడుగు గట్టిగా పడింది అప్పుడే. అదే ఏడాది, అదే ఊళ్ళో, డీబెన్‌కార్న్ అబ్‌స్ట్రాక్ట్ పక్కనపెట్టి వీధులూ మనుషులూ వేసుకుంటున్నాడు! ఒకే ఈడు వాళ్ళు, చెరోవైపు నడుస్తున్నారు. ఇద్దరిలో ఎవరు ముందుకెళ్తున్నారో, ఎవరు వెనక్కెళ్తున్నారో ఆ పెద్దమనిషిని చెప్పమను చూద్దాం.

ఇక నువ్వు పంపిన మూడు ఫోటోల గురించి. మొదటిది బాగుంది, అంతే. రెండోదాంట్లో చెట్లు నిన్నటి నీ బొమ్మల్లోంచి రాలేదు, కాలేజీ రోజుల్లోంచి వచ్చాయి. ఆకు ఆకూ లెక్కపెట్టావు. నాకు నచ్చలేదు. మూడోదాని దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాను. గుట్ట కుడి అంచున ప్యాలెట్ నైఫ్‌తో గీకేస్తే అడుగునున్న గులాబీరంగు బయటపడింది కదా, అక్కడ. అది గుట్టా కాదు, ఆకాశమూ కాదు. దాన్ని సరిచెయ్యాలని రాశావు. వద్దురా! కనీసం నేనొచ్చి చూసేదాకా దానిమీద బ్రష్ పెట్టకు. వచ్చే నెల మొదటి వారంలో వస్తాను. ఆ బూడిదరంగు క్యాన్వాస్ అటకమీద ఉంటే దించి దులిపి ఉంచు, రెండూ పక్కపక్కన పెట్టి పొద్దుటి వెలుతురులో చూడాలి.

నీ
నేను