డీఎస్‌టీ ఒక్కటే దాచుకుంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు కనిపిస్తున్నాయి. శ్రావణమాసం, పెళ్లిళ్ల సీజన్ వచ్చాయంటే వాటికి తీరికే ఉండదు. మిషన్ అమ్మేవాళ్లు, శిక్షణ ఇచ్చేవాళ్లు దారం ఎక్కించడం, ఫ్రేమ్ బిగించడం, దారం బిగువు (టెన్షన్) చూసుకోవడం నేర్పుతారు. డిజైన్ ఫైళ్లు ఎలా దాచుకోవాలో మాత్రం చెప్పరు. పట్టు జాకెట్లు పాడవడంలో దాని వాటా తక్కువేం కాదు.

మిషన్ చదివే డీఎస్‌టీ ఫైలులో ఉండేది సూది నడక మాత్రమే. మొదట ఫైలు వివరాలుండే 512 బైట్ల హెడర్, ఆ తర్వాత పక్కకెంత, పైకెంత అని ఒక్కో కుట్టుకు 3 బైట్లు. దారం రంగులు అందులో ఉండవు, ‘ఇక్కడ రంగు మార్చు’ అన్న గుర్తు ఒక్కటే ఉంటుంది. ఆరు నెలల తర్వాత అదే డిజైన్ తెరిస్తే నెమలి మెడకు వేసింది నీలమో పచ్చో ఆ ఫైలు చెప్పలేదు. తెర మీద కనిపించేవి సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు వేసిన రంగులు.

సైజు మార్చడం ఇంకో తంటా. కుట్ల మధ్య 0.4 మిల్లీమీటర్ల ఎడంతో పంచింగ్ చేసిన (అంటే కంప్యూటర్‌లో బొమ్మను కుట్లుగా మార్చిన) ఆకును మిషన్ మీదే 20 శాతం పెంచితే కుట్లు పెరగవు. ఎడం 0.48 అవుతుంది, అడుగున గుడ్డ కనపడుతుంది. 20 శాతం తగ్గిస్తే 0.32కి వస్తుంది, కుట్లు మరీ ఇరుకై దారం తెగొచ్చు, సూది కూడా విరగొచ్చు. అందుకే పంచింగ్ చేసిన అసలు ఫైలు, విల్‌కామ్ అనే పంచింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికైతే ఈఎంబీ, తప్పకుండా దాచుకోవాలి. సైజు అందులో మార్చి, కుట్లు మళ్లీ లెక్కకట్టించి, కొత్త డీఎస్‌టీ తీసుకోవాలి. డీఎస్‌టీ పేరు చివర ఈఎంబీ అని మార్చినంత మాత్రాన అది ఈఎంబీ అయిపోదు. విండోస్ ఈ చివరి అక్షరాలను మామూలుగా దాచేస్తుంది. ఫోల్డర్ వ్యూలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెట్టుకుంటే ఏది ఏదో తెలుస్తుంది.

పేర్ల సంగతి. ‘లక్ష్మి గారి జాకెట్’ అని పెడితే మూడో లక్ష్మి గారు వచ్చేసరికి గందరగోళం. డిజైన్‌కు నంబరివ్వాలి, ఎవరికి కుట్టామన్నది రిజిస్టరులో రాసుకోవాలి. ఎనిమిది అక్షరాలే చూపే పాత మిషన్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. లక్ష్మిబ్యాక్, లక్ష్మిహ్యాండ్ అని ఇంగ్లిషు అక్షరాల్లో పెడితే పొడుగు పేరులో మొదటి ఆరు అక్షరాలే మిగులుతాయి, అవి రెంటికీ ఒకటే కాబట్టి, రెండూ చివర 1, 2 అంకెల తేడాతోనే కనిపిస్తాయి. అదే 0417 బీఎన్, 0417 ఎఫ్ఎన్, 0417 ఆర్‌హెచ్, 0417 ఎల్‌హెచ్ అని ఖాళీ లేకుండా రాస్తే బ్యాక్ నెక్, ఫ్రంట్ నెక్, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి తేలిగ్గా దొరుకుతాయి. ఎడమ చేతికి మిర్రర్ చేసిన (అద్దంలోలా తిప్పిన) ఫైలు వేరే ఉండాలి. ఒకే ఫైలుతో రెండు చేతులూ కుడితే నెమళ్లు రెండూ ఒకే వైపు చూస్తాయి. అది పెళ్లికూతురికి కాకపోయినా ఆమె అత్తగారికి తప్పక కనపడుతుంది!

ఒక్కో నంబరుకు ఒక ఫోల్డర్ చాలు. అందులో ఈఎంబీ, డీఎస్‌టీలు, కుట్టిన జాకెట్ ఫొటో, ఒక చీటీ ఉండాలి. చీటీలో ఏ సూదికి ఏ దారం, కంపెనీ షేడ్ నంబరు, ఏ గుడ్డ, గుడ్డ అడుగున ఏ బ్యాకింగ్ (ఆసరాగా పెట్టే పొర), కొలతలు మిల్లీమీటర్లలో, మొత్తం కుట్లు రాయాలి. పట్టు మీద బాగా వచ్చిన ఫైలు నెట్ గుడ్డ మీద ముడుచుకుపోవచ్చు. జరీకి కుట్ల ఎడం కాస్త పెంచి, స్పీడు తగ్గించాలి. అలా మార్చిన ఫైలుకు 0417జెడ్ లాంటి వేరే పేరు పెట్టండి, పాతదాని మీద సేవ్ చేయొద్దు.

చోటు చాలదన్న మాట కుదరదు. 30,000 కుట్ల డీఎస్‌టీ సుమారు 90 కేబీ, వాట్సాప్‌లో వచ్చే చిన్నపాటి వీడియో కన్నా తక్కువ. అదే డిజైన్ తప్పు సైజులో కుడితే, నిమిషానికి 750 కుట్ల వేగంతో 40 నిమిషాలు పోతాయి, గుడ్డ ఖర్చు దీనికి అదనం.

మిషన్ మెమరీని బ్యాకప్ అనుకోవద్దు. కంట్రోల్ బోర్డు పోతే అందులోవీ పోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఆ రోజు కుట్టేవే పెట్టుకోవాలి, ‘ఎజెక్ట్’ కొట్టాకే తీయాలి. కాపీ అవుతుండగా లాగేస్తే ఫైలు సగమే వస్తుంది, ఆ సంగతి నెక్ సగం కుట్టాక గానీ బయటపడదు. మొత్తం ఫోల్డర్లు కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి ఉండాలి. ఆ డిస్క్ షాపులో కాకుండా ఇంట్లో ఉంటే మేలు.

మిషన్ అమ్మేవాళ్లకు ఒక విన్నపం. ‘వేల డిజైన్లు ఫ్రీ’ అని ఒకే ఫోల్డర్‌లో గుమ్మరించే బదులు, కొలతలు, కుట్ల లెక్క, ఫొటోతో వంద ఇవ్వండి. శిక్షణ కేంద్రాలు దీనికి ఒక పూట కేటాయించినా చాలు.

– ఒక ఎంబ్రాయిడరీ డిజైనర్, గుంటూరు